హార్మోన్ రిపోర్టు తెమ్మంటున్న స్కూళ్ళకు ఒక పిల్లల డాక్టరు బహిరంగ లేఖ

గౌరవనీయులైన స్కూలు యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్ళకు, హాస్టల్ వార్డెన్లకు,

నమస్కారం. పశ్చిమ గోదావరిలో ఒక పట్టణంలో పిల్లల డాక్టరుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ మధ్య మీ దగ్గర్నుంచి నాకు చీటీలు ఎక్కువయ్యాయి. కొన్ని లెటర్‌హెడ్ మీద, కొన్ని డైరీలో ఎర్ర ఇంకుతో, ఒకటైతే నోట్‌బుక్కులోంచి చింపిన కాయితం మీద. విషయం మాత్రం ఒకటే. "మీ అబ్బాయి తోటి పిల్లల్ని కొడుతున్నాడు. హార్మోన్ టెస్టు చేయించి, రిపోర్టు తెస్తేనే క్లాసులోకి రానిస్తాం." ఆ చీటీ తెచ్చిన తండ్రి రొయ్యల చెరువు మీద పని మానుకుని వచ్చి ఉంటాడు. తల్లి చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ఉంటుంది. పిల్లాడు కుర్చీ అంచున కూర్చుని, తన ఒంట్లో ఏదో పాడైపోయిందని నమ్మేసి, నేలచూపులు చూస్తుంటాడు.

ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నాను. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మీరు చీటీ ఇచ్చి పంపుతున్న పిల్లల్లో చాలామందికి ఆ రక్తపరీక్షతో పనే లేదు. పరీక్ష నిజంగా అవసరమైన కొద్దిమందినేమో మీరు నా దగ్గరికి పంపడం లేదు, బెంచీ ఎక్కిస్తున్నారు.

హార్మోనుకీ కొట్లాటకీ ముడి ఉందన్న నమ్మకం ఉత్తినే పుట్టలేదు. 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త ఆరు కుర్ర పుంజుల మీద ఒక ప్రయోగం చేశాడు. వృషణాలు తీసేసిన పుంజులు కూతా మర్చిపోయాయి, కొట్లాటా మర్చిపోయాయి, తురాయి కూడా ఎదగలేదు. మళ్ళీ వృషణాన్ని తెచ్చి కడుపులో ఎక్కడో అమర్చిన పుంజులు మాత్రం ఎప్పట్లాగే కూశాయి, తన్నుకున్నాయి. నరాలతో అతుకు లేకపోయినా పని జరిగిందంటే, రక్తంలో కలిసి పనిచేసేదేదో ఉందన్నమాట. దానికి టెస్టోస్టిరాన్ అని పేరు పెట్టడానికి ఇంకో ఎనభై ఏళ్ళకు పైగా పట్టింది. సంక్రాంతి బరుల దగ్గర పెరిగిన మనకు పుంజుల సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. చిక్కల్లా, పుంజుకు చెల్లిందే ఏడో తరగతి కుర్రాడికీ చెల్లుతుందని అనుకోవడంలో ఉంది.

లెక్క సరిపోదు, చూడండి. మగపిల్లాడు పుట్టిన ఒకటి నుంచి మూడు నెలల మధ్య అతని ఒంట్లో టెస్టోస్టిరాన్ ఈడొచ్చే కుర్రాడి స్థాయికి దగ్గరగా పెరుగుతుంది. ఆరో నెల కల్లా మళ్ళీ పడిపోతుంది. ఆ మూడు నెలల పసివాడు ఎవర్ని కొట్టాడు? తర్వాత, రెండేళ్ళు దాటిన పిల్లల్ని చూడండి. కొరకడం, గిల్లడం, నెట్టడం, బొమ్మ లాక్కుని దానితోనే నెత్తిన మొట్టడం. కెనడాలో మాంట్రియల్‌కు చెందిన రిచర్డ్ ట్రెంబ్లే బృందం ఏళ్ళ తరబడి పిల్లల్ని గమనించి తేల్చింది ఏమిటంటే, మనిషి జీవితంలో చేయి చేసుకోవడం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది రెండు నుంచి నాలుగేళ్ళ మధ్యే. ఆ వయసులో టెస్టోస్టిరాన్ మగపిల్లల్లోనూ ఆడపిల్లల్లోనూ దాదాపు లేనట్టే లెక్క. ఏ అంగన్‌వాడీ టీచరమ్మను అడిగినా ఈ మాట చెబుతుంది, మాంట్రియల్ దాకా వెళ్ళనక్కర్లేదు. అక్కడి నుంచి చాలామంది పిల్లలు మెల్లగా కొట్టడం మానుకుంటారు. అడగడం, అలగడం, పంచుకోవడం, వెళ్ళి పెద్దవాళ్ళకు చెప్పడం నేర్చుకుంటారు. ఎవరూ నేర్పకపోతే, లేదా ఇంట్లో పెద్దవాళ్ళే ఆ పని చేస్తూ కనిపిస్తే, కొందరికి ఆ అలవాటు పోదు.

అదే బృందం 1996లో ప్రచురించిన ఇంకో ఫలితం మీ స్టాఫ్ రూముల్లో చదివి వినిపించాలనిపిస్తుంది. పదమూడేళ్ళ అబ్బాయిల్లో టెస్టోస్టిరాన్ ఎక్కువ ఉన్నవాళ్ళు, తోటివాళ్ళు నాయకుడిగా ఒప్పుకున్న గట్టి కుర్రాళ్ళు. ఆరేళ్ళ వయసు నుంచీ కొట్లాటలకు పేరుమోసిన పిల్లల్లోనేమో అది తక్కువగా కనిపించింది. అంటే మీరు చీటీ రాస్తున్న కుర్రాడి కన్నా, మీరు క్లాస్ లీడర్‌గా పెట్టుకున్న కుర్రాడి రిపోర్టులోనే అంకె పెద్దగా ఉండే అవకాశం ఉంది.

అలాగని ఏ సంబంధమూ లేదని చెప్పను. అన్ని వయసులవాళ్ళ మీదా జరిగిన అధ్యయనాలను కలిపి లెక్కగట్టిన సమీక్ష ఒకటి 2001లో వచ్చింది, ఇంకొకటి 2005లో. టెస్టోస్టిరాన్‌కీ దూకుడుకీ ఉన్న సంబంధం మొదటిదాంట్లో 0.14, రెండోదాంట్లో 0.08. ఒకటి వస్తే పూర్తి సంబంధం ఉన్నట్టు, సున్నా వస్తే ఏమీ లేనట్టు. ఈ అంకెలు సున్నా పక్కన కూర్చున్నాయి. ఈడు రావడం ఆలస్యమైన పిల్లలకు హార్మోన్లు మందుగా ఇచ్చి గమనించిన ఒక అమెరికా అధ్యయనంలో కొన్ని మోతాదుల దగ్గర దూకుడు పెరిగిన మాట నిజమే. అబ్బాయిలకు టెస్టోస్టిరాన్, అమ్మాయిలకు ఆడ హార్మోనైన ఈస్ట్రోజెన్ ఇచ్చారు, ఇద్దరిలోనూ పెరిగింది. "మగ హార్మోను కాబట్టి కొడతాడు" అనేవాళ్ళకు ఇది కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ఈడొచ్చే వయసులో చిరాకు, ఎదురు మాట్లాడటం, తలుపు ధనామని వేయడం, వీటన్నిటిలో హార్మోన్ల చేయి ఉంటుంది. ఎవరిని కొట్టాలి, ఎప్పుడు కొట్టాలి, అసలు కొట్టాలా అన్నది మాత్రం అవి చెప్పవు.

ఇక ఆ రిపోర్టు సంగతి. మొన్నామధ్య తొమ్మిదో తరగతి అబ్బాయి రిపోర్టు తెచ్చారు. టెస్టోస్టిరాన్ అంకె పక్కన లావు అక్షరాలతో "తక్కువ" అని ఉంది. తండ్రి మొహంలో కొత్త భయం. కొడుకు కొడుతున్నాడని వచ్చినవాడికి, కొడుకు మగతనం మీద అనుమానం పట్టుకుంది. చూస్తే ల్యాబువాళ్ళు పక్కన అచ్చువేసినవి పెద్దవాళ్ళ కొలతలు. పైగా రక్తం తీసింది సాయంత్రం ఆరింటికి. ఈడొచ్చే పిల్లల్లో ఈ హార్మోను రాత్రి నిద్రలో ఎక్కువగా ఊరుతుంది, తెల్లవారుజామున హెచ్చు, సాయంత్రానికి దిగిపోతుంది. పధ్నాలుగేళ్ళ ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడికి మీసకట్టు వచ్చి, ఇంకొకడికి గొంతే మారకపోవచ్చు. ఇద్దరి అంకెలూ ఎక్కడా పోలవు, ఇద్దరూ నిక్షేపంలా ఉన్నట్టే. ఆ కాయితంలో ఏమీ లేదని తండ్రికి చెప్పడానికి అరగంట పట్టింది. కుర్రాడు ఎందుకు కొట్టాడో అడగడానికి అయిదు నిమిషాలు మిగిలింది. అడిగితే చెప్పాడు. సీనియర్లు రోజూ వాడి చేత బట్టలు ఉతికిస్తున్నారు. వాళ్ళను ఏమీ చేయలేక, తనకన్నా చిన్నవాడిని కొట్టాడు.

ఇక్కడ ఒక పెద్దమనిషిని తలుచుకోవాలి. స్వీడన్‌లో పుట్టి నార్వేలోని బెర్గెన్‌లో పనిచేసిన డాన్ ఓల్వేయస్. 1980 ప్రాంతంలో పదహారేళ్ళ స్వీడన్ కుర్రాళ్ళు 58 మంది రక్తంలో టెస్టోస్టిరాన్ కొలిచింది ఈయన బృందమే. హార్మోను ఎక్కువున్నవాళ్ళలో గట్టిగా కనిపించింది ఒకే లక్షణం. ఎవరైనా రెచ్చగొడితే, బెదిరిస్తే ఊరుకోరు. తమంతట తాము వెళ్ళి గొడవ పెట్టుకోవడంతో అంత నేరు సంబంధం కనబడలేదు. 1982 చివర్లో ఉత్తర నార్వేలో ముగ్గురు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తోటి విద్యార్థుల వేధింపులే కారణం కావచ్చని తేలడంతో దేశమంతా కలవరపడింది. మరుసటి ఏడాది ప్రభుత్వం స్కూళ్ళన్నిటిలో కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో ముఖ్యపాత్ర ఈ ఓల్వేయస్‌దే. హార్మోన్లు కొలవడం తెలిసిన ఆయన అప్పుడు ఏ పిల్లాడి రక్తమూ తీయమనలేదు. పేరు రాయనక్కర్లేకుండా ప్రశ్నపత్రం ఇచ్చి ఎక్కడ, ఎవరు, ఎంత వేధిస్తున్నారో పిల్లల్నే అడగమన్నాడు. ఇంటర్వెల్‌లో మెట్ల కింద, మరుగుదొడ్ల దగ్గర, ఆటస్థలం మూలన పెద్దవాళ్ళు తిరుగుతూ ఉండాలన్నాడు. క్లాసులో నాలుగే నియమాలు, అవీ పిల్లలతో మాట్లాడి పెట్టుకోవాలన్నాడు. కొట్టినవాడితో, దెబ్బలు తిన్నవాడితో, ఇద్దరి తల్లిదండ్రులతో విడివిడిగా కూర్చోమన్నాడు. బెర్గెన్‌లో 42 స్కూళ్ళు, సుమారు 2,500 మంది పిల్లలు. రెండేళ్ళలో వేధింపులు సగానికి సగం తగ్గాయి. మీ స్కూల్లో సీసీ కెమెరాలకు పెట్టిన ఖర్చులో పదో వంతు కూడా ఇందుకు అక్కర్లేదు.

కార్టిసాల్ సంగతి కూడా చెప్పాలి. భయం, ఒత్తిడి కలిగినప్పుడు అడ్రినల్ గ్రంథి నుంచి ఎక్కువగా వచ్చే హార్మోను ఇది. కొట్లాటల వల్ల క్లినిక్కుకు వచ్చిన ఏడు నుంచి పన్నెండేళ్ళ అబ్బాయిలు 38 మంది లాలాజలంలో దీన్ని కొలిచిన ఒక అమెరికా అధ్యయనం 2000 సంవత్సరంలో వచ్చింది. చిన్నప్పటి నుంచీ, మానకుండా కొడుతున్న పిల్లల్లో కార్టిసాల్ తక్కువగా ఉంది. ఇలాంటి పిల్లల్లో భయం పుట్టించే యంత్రాంగమే మందంగా పనిచేస్తుందేమోనని ఒక వివరణ. అదే నిజమైతే బెత్తం, గోడకుర్చీ, ప్రేయర్‌లో నిలబెట్టి తిట్టడం వీళ్ళ మీద పనిచేస్తాయని ఎలా అనుకుంటాం? పిల్లలందరిలో ఎవరి మీద దండన అసలు ఎక్కదో, మనం ఎక్కువగా దండిస్తున్నది వాళ్ళనే. ఇది చదివి రేపట్నుంచి కార్టిసాల్ టెస్టుకు చీటీలు పంపకండి, దండం పెడతాను. ఒక్క పిల్లాడి గురించి ఆ అంకె ఏమీ తేల్చదు.

ఇప్పుడు మీరు పంపకుండా వదిలేస్తున్న పిల్లల దగ్గరికి వస్తాను. ఈ లేఖలో మీరు ఇదొక్కటి చదివినా చాలు.

ఆరో తరగతి అమ్మాయి, చిన్న వయసులోనే వచ్చే షుగరు ఉంది, టైప్ 1 అంటాం. రోజూ ఇన్సులిన్ ఇంజెక్షన్లు. ఇన్సులిన్ కూడా హార్మోనే, ఎవరికీ గుర్తు రాదు గానీ. రక్తంలో చక్కెరను తగ్గించేది అదే. ఆ రోజు పొద్దున ఇంజెక్షన్ చేసుకుని రెండు ఇడ్లీలు తిని వెళ్ళింది. మూడో పీరియడ్ గేమ్స్. పీఈటీ సారు బాగా పరుగెత్తించారు. నాలుగో పీరియడ్‌లో పక్క పిల్ల పెన్ను తీసిందని జుట్టు పట్టుకుని లాగి, పుస్తకాలు విసిరేసి, మేడమ్ మీద అరిచింది. "పొగరు తలకెక్కింది" అని బెంచీ మీద నిలబెట్టారు. తల్లికి ఫోను చేశారు. ఆవిడ పరుగున వచ్చేసరికి అమ్మాయి చెమటలు కక్కుతూ, వేళ్ళు వణుకుతూ, మాట తడబడుతూ బెంచీ మీదే ఉంది. తల్లి సంచిలోంచి మిషను తీసి వేలు గుచ్చి చూస్తే షుగరు 46. డెబ్భై కన్నా తగ్గితేనే మేం కంగారు పడతాం. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించింది. పావుగంటకు ఆ పిల్ల మామూలు పిల్ల అయిపోయి, తను ఏం చేసిందో కూడా సరిగ్గా గుర్తులేక, "పెన్ను ఎవరు తీశారు మమ్మీ" అని అడిగింది. మెదడుకు చక్కెర అందకపోతే ముందు పోయేది విచక్షణ. తగ్గిన చక్కెరను పెంచడానికి శరీరం అడ్రినలిన్ కుమ్మరిస్తుంది, దాంతో వణుకు, చెమట, చిరాకు. 2017లోనే సీబీఎస్ఈ బోర్డు పరీక్ష హాల్లోకి ఇలాంటి పిల్లలు చాక్లెట్, పండు, నీళ్ళ సీసా తీసుకెళ్ళొచ్చని ఉత్తర్వులిచ్చింది. మీ రోజువారీ క్లాసుల్లో మాత్రం "తరగతిలో తినకూడదు" అని లాక్కుంటున్నారు. షుగరున్న పిల్ల హఠాత్తుగా కొట్టినా, అరిచినా, ముందు చెయ్యి పట్టుకుని చూడండి. చల్లగా, చెమటగా ఉందా? తీపి పెట్టండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గొడవ సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.

కిడ్నీ వాపు జబ్బుకు స్టెరాయిడ్ మాత్రలు వాడే పిల్లలు ఇంకో రకం. ఆ మాత్ర పనిచేసేది కార్టిసాల్ లాగే. ఆకలి విపరీతం, నిద్ర పట్టదు, చీటికీ మాటికీ కోపం. మొహం గుండ్రంగా ఉబ్బుతుంది. క్లాసంతా "బూరెబుగ్గలు" అని పిలుస్తుంది. అసలే మందు పెట్టే చిరాకు, దాని మీద ఈ ఎగతాళి. గోరుచుట్టు మీద రోకటిపోటు. వాడు ఒకరోజు ఒకడి మూతి పగలగొట్టాడు. చీటీ వాడికి వచ్చింది, పేరు పెట్టి ఏడిపించినవాళ్ళకు రాలేదు. మాత్ర హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, దయచేసి మీరెవరూ "ఆ మందు మానిపించండి" అని తల్లిదండ్రులకు సలహా చెప్పకండి.

తొమ్మిది, పది తరగతుల అమ్మాయిల్లో థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం మొదలైతే బాగా తింటూనే చిక్కిపోతారు, చేతిరాత చెడిపోతుంది, వేళ్ళు వణుకుతాయి, ఫ్యాను కింద కూడా ఉక్క అంటారు, గుండె దడ, పట్టరాని కోపం. పరీక్షల టెన్షన్ అనుకుంటారు. ఆడపిల్లకు కోపమొస్తే నెలసరి అని తేల్చేసే అలవాటు కూడా మనకు ఉంది, ఆ మాట క్లాసులో అందరి ముందూ అనేసేవాళ్ళూ ఉన్నారు. అమ్మాయి రాత గత ఏడాదికీ ఇప్పటికీ మారిపోయిందా అన్నది నాకన్నా మీకు ముందు తెలుస్తుంది. చీటీలో ఆ ఒక్క ముక్క రాస్తే సగం రోగనిర్ధారణ మీరే చేసినట్టు.

అబ్బాయికి తొమ్మిదేళ్ళు, అమ్మాయికి ఎనిమిదేళ్ళు నిండకముందే ఈడు లక్షణాలు వస్తే వెంటనే పంపండి. రెండో తరగతి పిల్లాడు హఠాత్తుగా పొడుగై, మొటిమలు, ఒంటి వాసన, గొంతు మార్పు వచ్చి, దానితో పాటు దుడుకు పెరిగిందా, అది నిజంగా హార్మోన్ కేసే. అడ్రినల్ గ్రంథిలో పుట్టుకతో వచ్చే లోపం కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, వైద్యం ఉంది. పెద్ద పిల్లాడిలా కనబడుతున్నాడని వాడిని వెనక బెంచీలో కూర్చోబెట్టి పెద్ద పిల్లాడి బుద్ధులు ఆశించడం మాత్రం అన్యాయం. లోపల ఉన్నది ఏడేళ్ళవాడే.

హాస్టళ్ళవాళ్ళతో ఒక మాట. ఈడొచ్చే వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. పదింటికి పడుకోరా అంటే వాడికి నిద్ర రాదు. అది మొండితనం కాదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. అందుకే హైస్కూళ్ళు పొద్దున 8.30 కన్నా ముందు మొదలుపెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో చెప్పింది. మన దగ్గర రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, అయిదింటికి బెల్లు. ఆ మధ్యలో దోమలు, ఉక్క, కిక్కిరిసిన గది. ఆరు గంటలు కూడా నిద్రపోని పెద్దవాళ్ళు ఇంట్లో ఎలా ఉంటారో మనందరికీ తెలుసు. ఆదివారం పరీక్ష పెట్టి, సోమవారం కొట్లాట అయిందని నాకు చీటీ రాయడంలో అర్థం లేదు.

చట్టం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు గానీ, కొందరికి గుర్తుచేయాల్సి వస్తోంది. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో పెట్టుకోవాలంది. నలుగురిలో అవమానించడం, మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టడం వీలైనంత వరకు మానుకోమంది. మా జిల్లాలో ఫ్లెక్సీల మీద ర్యాంకులు వేసే సంస్థల్లో ఎన్నింటికి కౌన్సెలర్ ఉన్నారో మీకు మీరే లెక్క చూసుకోండి. సైన్సు మేడమ్‌కు ఆ పేరు పెట్టి బోర్డు తగిలిస్తే చాలదు.

ప్రభుత్వ పాఠశాలల హెడ్మాస్టర్లకు ఒక సౌకర్యం ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు స్కూలుకే వచ్చి పిల్లల్ని చూస్తాయి. వాళ్ళు వచ్చిన రోజు ఎత్తు, బరువు రాయించి పంపేయకుండా, మీ దృష్టిలో ఉన్న పిల్లాడిని ముందు నిలబెట్టి మాట్లాడండి. తల్లిదండ్రులు డాక్టరు దగ్గరికి రాలేకపోతే, వాళ్ళకు గానీ మీకు గానీ మానసిక ఆరోగ్యం మీద సలహాలిచ్చే ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

నేను అడిగేది ఇంతే. రిపోర్టు తెస్తేనే క్లాసు అనే షరతు ఈ నెలలోనే తీసేయండి. చదువుకు రక్తపరీక్షతో ముడిపెట్టే హక్కు మీకు ఏ చట్టమూ ఇవ్వలేదు. పిల్లాడిని నాకు చూపించాలనిపిస్తే తప్పకుండా పంపండి, చీటీలో మాత్రం టెస్టు పేరు రాయకండి, అది రాయాల్సింది నేను. మీరు రాయాల్సినవి వేరే ఉన్నాయి. గొడవ ఎన్ని గంటలకు జరిగింది, సరిగ్గా దానికి ముందు ఎవరు ఏమన్నారు, ఆ పూట ఏం తిన్నాడు, రాత్రి ఎన్నింటికి పడుకున్నాడు, ఏ మందులు వాడుతున్నాడు, ఈ తీరు ఎప్పట్నుంచి, అంతకుముందు ఎలా ఉండేవాడు. కొట్టించుకున్న పిల్లాడి తల్లిదండ్రులు గొడవ చేస్తారన్న మీ ఇబ్బంది నాకు తెలుసు. వాళ్ళ కోపం న్యాయమైనదే, వాళ్ళ బిడ్డ వైపు నిలబడాల్సింది మీరే. టీసీ చేతిలో పెట్టి పంపిస్తే ఆ కుర్రాడు పక్క వీధి స్కూల్లో చేరతాడు, అక్కడ ఇంకొకడు దెబ్బలు తింటాడు, ఆ చీటీ కూడా నా దగ్గరికే వస్తుంది.

క్లాస్ టీచరు గానీ వార్డెన్ గానీ పిల్లాడితో పాటు వస్తే ఓపీ ఫీజు తీసుకోను. మీ స్టాఫ్ మీటింగ్‌కు పిలిస్తే వచ్చి షుగరు పిల్లల సంగతి అరగంటలో చెప్పి, గ్లూకోమీటరు వాడటం చూపించి వెళతాను. ఆదివారాలైతే నాకు వీలు. మీకు ఆ రోజు పరీక్ష ఉంటే, వాయిదా వేసుకోండి.

ఇట్లు,
మీ ఊరి పిల్లల డాక్టరు